అన్నం మానకండి, మారు వడ్డన మానండి

అమ్మా, మీరు అడిగింది ఇదీ: వయసు 41, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఇల్లు ఆమదాలవలసలో, ఆఫీసు శ్రీకాకుళంలో. రెండేళ్ళ క్రితం అన్నం పూర్తిగా మానేసి, కొవ్వు ఎక్కువగా తినే డైట్ చేస్తే రెండు నెలల్లో 9 కిలోలు తగ్గారు. తర్వాత ఏడాదిలో 11 కిలోలు పెరిగారు. అన్నం మానకుండా తగ్గగలనా, జిమ్‌కి వెళ్ళే వీలు లేదు కాబట్టి నడక సరిపోతుందా, అత్తగారికి షుగరు ఉంది కాబట్టి ఇంట్లో రెండు వంటలు చేయాలా అన్నవి మీ సందేహాలు. నేను విజయనగరంలో చాలా ఏళ్ళుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీలాగా ఒకసారి బాగా తగ్గి, తగ్గినదానికంటే ఎక్కువ పెరిగి, "నాకే మనోబలం లేదు మేడమ్" అంటూ వచ్చే ఆడవాళ్ళను రోజూ చూస్తుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ 11 కిలోల సంగతి. అది మీ బద్ధకం వల్ల వచ్చింది కాదు. అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే మొదటి వారం రెండు మూడు కిలోలు దిగిపోతాయి. అందులో ఎక్కువ భాగం నీళ్ళు. కాలేయంలో, కండల్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిల్వ కరిగితే నీళ్ళూ పోతాయి, మళ్ళీ అన్నం తిన్న వారానికే తిరిగి వస్తాయి. ఆ తర్వాత తగ్గింది మాత్రం నిజంగా తగ్గినదే. అయితే అందులో కొవ్వుతోపాటు కండ కూడా ఉంటుంది. ఇక్కడే శరీరం ఎదురు తిరుగుతుంది. కిలో బరువు తగ్గితే రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుందనీ, ఆకలి మాత్రం రోజుకు దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుందనీ అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో లెక్కగట్టింది. మీ 9 కిలోల్లో నీళ్ళు పోను ఆరు కిలోలు అసలు బరువు అనుకుందాం. రోజుకు 600 కేలరీల అదనపు ఆకలితో ఏడాదంతా పోరాడారన్నమాట. ఎవరైనా ఓడిపోతారు.

1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్ళు పగలంతా తిండి గురించే ఆలోచించేవారు, వంటల పుస్తకాలు చదివేవారు. కట్టడి తీసేశాక కడుపు నిండినా తినడం ఆపలేకపోయారు. మీరు డైట్ మానేసిన తర్వాత రాత్రి పూట వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒకటి తినేదాన్నని రాశారు చూశారా, అది కూడా అలాంటిదే. కాబట్టి ఈసారి ఏ పద్ధతి పెట్టుకున్నా ఒక్కటే పరీక్ష: వచ్చే ఏడాది అరసవల్లి రథసప్తమి నాటికి కూడా ఇదే తిండి ఇబ్బంది లేకుండా తింటూ ఉండగలరా? ఉండలేను అనిపిస్తే దాన్ని మొదలే పెట్టకండి.

ఇప్పుడు అన్నం. మన భోజనం అంచెలంచెలుగా సాగుతుంది. పప్పుకో కుప్ప, కూరకో కుప్ప, చారుకో పులుసుకో ఒకటి, చివర్లో పెరుగుకో మజ్జిగకో ఇంకొకటి. అన్నం మిగిలితే పప్పు వేసుకుంటాం, పప్పు మిగిలితే అన్నం వేసుకుంటాం. ఏ ఒక్క అంచెలోనూ ఎక్కువ తిన్నట్టు ఉండదు. నాలుగూ కలిపితే పూటకు 150 నుంచి 200 గ్రాముల బియ్యం అవుతాయి. నన్ను కలిసినవాళ్ళు "రెండు గరిటెలే తింటాను" అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మొదటి వడ్డన రెండు గరిటెలే. లెక్కకు రానివి ఆ తర్వాతి మారులు. 100 గ్రాముల బియ్యం అంటే 350 కేలరీలు. మారుగా వేసుకునే అన్నంలో 50 గ్రాముల బియ్యం ఉన్నా, పూటకు 175 కేలరీలు ధ్యాస లేకుండా లోపలికి పోతున్నాయి.

అందుకని నేను అన్నం మానమని చెప్పను. పూటకు కావలసిన అన్నమంతా ఒక్కసారే కంచంలో పెట్టుకోమంటాను. మీకు 60 నుంచి 70 గ్రాముల బియ్యంతో వండిన అన్నం చాలు. వండాక అది రమారమి 180, 200 గ్రాములు తూగుతుంది. మొదటి వారం ఒక్కసారి కాటా మీద తూచి, ఆ అన్నం మీ ఇంట్లో ఏ గిన్నెకు సరిపోతుందో గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఆ గిన్నెతోనే వడ్డించుకోండి, రోజూ తూచే పని లేదు. కంచంలోనే దాన్ని మూడు భాగాలు చేయండి. పెద్ద భాగం పప్పూ కూరా కలిపి, చిన్నది చారుకు, ఇంకో చిన్నది పెరుగుకు. అన్నం గిన్నె మాత్రం వంటింట్లోనే ఉండాలి, మీ పక్కన కాదు. పెరుగన్నం వదిలేయమని ఎవరు చెప్పినా వినకండి. మనవాళ్ళకు పెరుగన్నంతో కానీ భోజనం ముగిసినట్టు ఉండదు. అది మానినవాళ్ళు పది గంటలకు బిస్కెట్ ప్యాకెట్ విప్పడం చాలాసార్లు చూశాను.

అన్నం తగ్గిన చోట కూర పెరగాలి. వేపుడు కాదు, కూర. బీరకాయ, పొట్లకాయ, ఆనపకాయ పులుసు, తోటకూర పప్పు, మునగాకు, కాలంలో పనసపొట్టు ఆవపెట్టిన కూర, ఏదైనా సరే. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమని ఉంది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదని కూడా చెప్పారు. మన కంచాల్లో అది చాలాసార్లు అంతకు మించే ఉంటుంది. నలుగురికి అరకిలో బెండకాయలు వండి, వేగి పిడికెడు అయ్యాక తలా ఒక చెంచా పంచుకోవడం మన అలవాటు. నలుగురున్న ఇంట్లో ఒక పూటకు కిలోకు తక్కువ కాకుండా కూరగాయలు తరగండి. భోజనానికి కూర్చున్నాక మొదటి నాలుగైదు ముద్దలు అన్నం కలపకుండా ఒట్టి కూర తినండి. దీనివల్ల అన్నం తగ్గించిన బాధ సగం తెలియదు.

ధ్యాస పెట్టి తినడం అంటే ధ్యానం లాంటిదేదో అని భయపడతారు. అంత లేదు. కడుపు సాగిన కబురు నరాల ద్వారా, పేగుల్లో పుట్టే హార్మోన్ల ద్వారా మెదడుకు చేరడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. మనం ఏడెనిమిది నిమిషాల్లో భోజనం ముగిస్తున్నాం. మారు వేసుకోవాలా వద్దా అని నిర్ణయించుకునే వేళకు కడుపు ఇంకా జవాబు చెప్పలేదు. అంతే విషయం. టీవీ, ఫోను ముందు కూర్చుంటే ఆ జవాబు వచ్చినా వినబడదు. కాబట్టి టీవీ ఆపి, ఫోను వేరే గదిలో పెట్టి కూర్చోండి. కూరలో ఉప్పు సరిపోయిందా, పులుపు తగిలిందా అని నోటితో తెలుసుకుంటూ తినండి. పప్పన్నం అయ్యాక చారు కలిపే ముందు ఒక్క నిమిషం ఆగండి, ఇంకా ఎంత ఆకలి ఉందో చూసుకోండి. కంచంలో అన్నం అయిపోయాక కూడా చాలలేదనిపిస్తే చెయ్యి కడుక్కుని పావుగంట ఆగండి. అప్పటికీ ఆకలి ఉంటే కూర తినండి, మజ్జిగ తాగండి. నిజమైన ఆకలిని చంపుకోవద్దు. అది మరునాడు వడ్డీతో వస్తుంది.

మీరు రాసిన దినచర్యలో నాకు కనిపించినదొకటి చెప్పాలి. మధ్యాహ్నం మీరు క్యారేజీ తెచ్చుకుంటున్నారు. క్యారేజీలో మారు ఉండదు. మీ మధ్యాహ్న భోజనం ఇప్పటికే బాగుంది, దాన్ని కదపకండి. చిక్కంతా ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా ఉంది. ఒంటిగంటకు తిని, సాయంత్రం టీతో రెండు బిస్కెట్లు, కొన్ని రోజులు బస్సు కాంప్లెక్స్ దగ్గర బజ్జీలు, తర్వాత ఇంటికొచ్చి వంట చేసి, అందరికీ పెట్టి, పదింటికి సీరియల్ చూస్తూ తింటున్నారు. తొమ్మిది గంటల ఆకలి మీద కూర్చుంటే ఎంత ధ్యాస ఉన్నా నిలవదు. పైగా ఆఖర్న తినే మనిషి కాబట్టి గిన్నెల్లో మిగిలినదంతా మీ కంచంలోకే వస్తుంది. పిల్లవాడు వదిలేసిన సగం అట్టు, అడుగున ఉన్న రెండు గరిటెల అన్నం, పారేయడానికి మనసొప్పక తినేస్తున్నారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు పెరిగే బరువులో దీని వాటా పెద్దదని నా నమ్మకం. ఇందులో మీ తప్పేమీ లేదు. కానీ ఏర్పాటు మారాలి.

సాయంత్రం అయిదున్నరకు ఆఫీసులోనే కడుపుకు ఆసరాగా ఏదైనా తినండి. ఉడకబెట్టిన ఉలవలో శనగలో ఒక గిన్నెడు, లేదా ఒక జామకాయ, కొన్ని వేరుశనగలు, లేదా ఉల్లిపాయ, టమాటా వేసుకున్న మరమరాలు. చలికాలంలో తేగలు దొరికినన్నాళ్ళు తేగలు తినండి, పీచు బాగా ఉంటుంది. రాత్రి భోజనం ఎనిమిదికి జరపండి, అందరితో కలిసి కూర్చోండి. మీ ఇంట్లో అది తేలిక కాదని తెలుసు. మీ వారితో, అత్తగారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఒక పూట ఎవరి వడ్డన వాళ్ళు చేసుకుంటే కొంపలేమీ మునగవు. మిగిలిన అన్నంలో రాత్రే నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నకు చద్దన్నం. మజ్జిగ, ఉల్లిపాయ, పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకుంటే మీరిప్పుడు తింటున్న మూడు దోసెలు, పల్లీ చట్నీ కంటే తేలిక, అన్నం వృథా అయిందన్న బాధా ఉండదు.

చోడి అంబలి, అంటే రాగి అంబలి గురించి అడిగారు. మంచిదే, తప్పకుండా తాగండి. 100 గ్రాముల చోళ్ళలో 11 గ్రాముల పీచు, 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నాయి. తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా ఉండదు. అయితే కేలరీల్లో తేడా స్వల్పం. చోళ్ళలో 320, బియ్యంలో 350. చిరుధాన్యం కాబట్టి ఎంతైనా తినొచ్చు అనుకుని సంగటి ముద్దలు లెక్కలేకుండా తిని బరువు పెరిగినవాళ్ళున్నారు. పలాస జీడిపప్పుకూ ఇదే మాట. బలమైన తిండే కానీ గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. ఇంట్లో డబ్బా ఎదురుగా ఉంటే గుప్పెడుతో ఆగడం కష్టం, పై అరలో పెట్టండి.

నూనె దగ్గర చాలామంది పొరబడతారు. మీ ఇంట్లో నలుగురికి నెలకు అయిదు లీటర్ల డబ్బా అవుతోందన్నారు. తలా రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు నూనె నుంచే. కూర్చుని పనిచేసే స్త్రీకి పైన వాడే నూనె రోజుకు 20 గ్రాములు చాలని జాతీయ పోషకాహార సంస్థ 2010 పట్టికలో ఉంది. ఆ డబ్బాను మూడు లీటర్లకు దించితే మనిషికి రోజుకు 135 కేలరీలు తగ్గుతాయి, ఎవరికీ ఆకలి తెలియదు. ఎలా అంటే, నెల మొదట్లో మూడు లీటర్లే కొనండి. డబ్బాలోంచి నేరుగా మూకుడులోకి వంచకుండా చెంచాతో కొలిచి పోయండి. వేపుళ్ళు వారానికి రెండుకు పరిమితం చేసి, మిగతా రోజులు ఆవిరి మీద ఉడికించి తాలింపు పెట్టండి. ఇక టీలు. రోజుకు మూడు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అన్నారు. 30 గ్రాములు, 120 కేలరీలు. వారానికి అరచెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి, నాలుక అలవాటు పడుతుంది. బెల్లం వేసుకుంటే లెక్క మారదు. మన వైపు పులుసుల్లో, కూరల్లో పడే బెల్లం కూడా ఈ లెక్కలోదే.

శనివారం ఒక్కపొద్దు గురించి కూడా. ఉపవాసం మంచిదే, నమ్మకం మీది. కానీ పగలంతా ఖాళీ కడుపుతో ఉండి రాత్రికి అన్నం బదులు పూరీలో, నెయ్యి కారే ఉప్మానో తింటే రెండు పూటల భోజనానికి మించిపోతుంది. ఆ రాత్రి ఇడ్లీలూ సాంబారో, పండ్లూ మజ్జిగో తీసుకోండి.

మాంసకృత్తుల విషయంలో మాత్రం శ్రీకాకుళం వాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే మీకు రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. దీనికి పౌడర్ డబ్బాలు అక్కర్లేదు. రెండు గుడ్లు 13 గ్రాములు, రోజు మొత్తానికి 60 గ్రాముల కందిపప్పో పెసరపప్పో 13, ఒక గిన్నెడు ఉలవలు 6, పెరుగు, మజ్జిగ కలిపి 6, అన్నం నుంచే 9 పైన, మిగతాది కూరగాయల నుంచి. గట్టున చేప దొరికిన రోజు 100 గ్రాముల చేపలో 18 నుంచి 20. ఇంటి తిండితోనే సరిపోతుంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు తెలియంది కాదు. మీ పుట్టిల్లు సోంపేట అన్నారు. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోకుండా ప్రొటీన్ పౌడర్ల జోలికి, ఎక్కువ మాంసం డైట్ల జోలికి వెళ్ళవద్దు. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా కిడ్నీలకు హాని చేస్తాయి. నడక మొదలుపెట్టాక మోకాళ్ళు నొప్పి పెడితే నడక తగ్గించండి, మాత్ర వేసుకుని నడవకండి. ఆ పరీక్షలతోపాటే థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు, హిమోగ్లోబిన్, బీపీ కూడా చూపించుకోండి. థైరాయిడ్ లోపం ఉండి మందు వాడకపోతే మీ శ్రమంతా నీరుగారుతుంది. రక్తం తక్కువగా ఉంటే నాలుగడుగులకే ఆయాసం వచ్చి నడక మీద విరక్తి పుడుతుంది.

నడక సరిపోతుందా అన్నారు. ఆరోగ్యానికి బాగా పనికొస్తుంది. బరువు తగ్గించడానికి నడక ఒక్కటే చాలదు. మీ బరువుకు 45 నిమిషాల చురుకైన నడక, ఊరికే కూర్చున్నదానికి అదనంగా, 175 కేలరీలు ఖర్చు చేస్తుంది. ఒక పొట్లం పకోడీతో అది తిరిగి వచ్చేస్తుంది. అయితే తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపాడేది వ్యాయామమే. అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న ఒక రిజిస్ట్రీ ఉంది. 13 కిలోలకు పైగా తగ్గి ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు అందులో నమోదు చేస్తారు. వాళ్ళలో ఎక్కువమంది రోజుకు దాదాపు గంట కదులుతారు, వారానికోసారైనా బరువు చూసుకుంటారు. మన దగ్గరి లెక్క ఇంకా ధైర్యం ఇస్తుంది. చెన్నైలో ఆచార్య రామచంద్రన్ బృందం షుగరు వచ్చే దశలో ఉన్నవాళ్ళకు నడక, తిండి మార్పులు చెప్పి సుమారు మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే షుగరు వచ్చే ముప్పు 28 శాతం తగ్గింది. కాబట్టి ఒక నెల కాటా కదలకపోయినా మీ నడక వృథా పోలేదని గుర్తుంచుకోండి.

వారానికి 150 నిమిషాలతో మొదలుపెట్టండి, నెమ్మదిగా 250, 300కు పెంచండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. మన తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోత ఎక్కువ, పొద్దున ఆరున్నర లోపు ముగించండి, ముందూ వెనకా నీళ్ళు తాగండి. పొద్దున వంటతో కుదరదంటే శ్రీకాకుళంలో బస్సు ఒక స్టాపు ముందు దిగి ఆఫీసుకు నడవండి, సాయంత్రం నాగావళి వంతెన గాలికి పదిహేను నిమిషాలు నడవండి. పది, పదిహేను నిమిషాల ముక్కలు కలిపినా లెక్కకు వస్తాయి. రాత్రి భోజనం అయ్యాక ఇంటి ముందు పది నిమిషాలు తిరగడం షుగరుకు ప్రత్యేకంగా మంచిది, మీ అత్తగారినీ పిలవండి.

ఇక మన ఆడవాళ్ళు అసలు పట్టించుకోనిది కండ బలం. ముప్పై దాటాక ఏటేటా కండ కొంచెం కొంచెం తగ్గుతుంది. డైట్‌లు చేసినప్పుడు పోయిన బరువులో నాలుగో వంతు దాకా కండే పోతుంది, తిరిగి పెరిగేటప్పుడు ఎక్కువగా కొవ్వు చేరుతుంది. మీరు 78 దగ్గర ఉన్నా, రెండేళ్ళ నాటి శరీరంలో ఉన్నంత కండ ఇప్పుడు ఉండకపోవచ్చు. బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతామని కొందరు భయపడతారు. మీ ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయ్యారు. మా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెళ్ళి చూడండి, ఆడపిల్లలు బార్ ఎత్తుతుంటే ఊరు గర్వంగా చూస్తుంది. ఈ గాలిలో పుట్టినవాళ్ళం బరువంటే భయపడకూడదు. మీకు బార్ అక్కర్లేదు. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులానించి పదిసార్లు దండీలు తీయండి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు చేతులా పట్టుకుని భుజాల పైకి ఎత్తండి. మెట్టు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు పైకి లేపండి. ఇవన్నీ మూడు విడతలు. పది తేలికైపోతే పన్నెండు, పదిహేను చేయండి, సీసా బదులు అయిదు లీటర్ల క్యాను పట్టుకోండి. బరువు పెంచుకుంటూ పోకపోతే కండ పెరగదు. మోకాళ్ళు సహకరించకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

ఇవన్నీ కలిపితే, రాత్రి మారు అన్నం 175, నూనె 135, పంచదారలో 80, నడక 175, కాగితం మీద రోజుకు 565 కేలరీల దాకా తేలుతుంది. వారానికి అరకిలో తగ్గడానికి అది సరిపోతుంది, అంతకంటే వేగం వద్దు. నిజ జీవితంలో కొన్ని వారాలు పావుకిలో తగ్గుతారు, నెలసరి ముందు నీరు చేరి అరకిలో పెరిగినట్టు కనిపిస్తుంది. వారానికొకసారి, ఒకే రోజు పొద్దున్నే, ఖాళీ కడుపుతో చూసుకోండి. నడుము కొలత నెలకోసారి తీసుకోండి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మొదలైనట్టు. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎలా ఉందో చెప్పే అంకె, మీకు 32.5 వస్తోంది, మనకు 25 దాటితేనే ఊబకాయం. ఆ అంకె చూసి 55 కిలోలను గురి పెట్టుకోకండి. మొదటి గురి 73. శరీర బరువులో అయిదు నుంచి ఏడు శాతం తగ్గినా బీపీ, షుగరు, మోకాళ్ళ మీద భారం, అన్నిటికీ తేడా తెలుస్తుంది. 73 దగ్గర రెండు మూడు నెలలు అలాగే నిలబడి ఉండడం నేర్చుకోండి. ఆ తర్వాత మళ్ళీ కిందికి చూద్దాం. ఆరు నెలల దగ్గర కాటా ఆగిపోవడం మామూలే, శరీరం చిన్నదైంది కాబట్టి దాని అవసరమూ తగ్గింది. అప్పుడు తిండి కోయకండి, కండ వ్యాయామానికి ఇంకో రోజు కలపండి. రాత్రి ఏడు గంటల నిద్ర ఉందో లేదో చూసుకోండి, నిద్ర తక్కువైన మరునాడు ఆకలి ఎక్కువ.

2025 నుంచి మన దేశంలోనూ దొరుకుతున్న, బరువు తగ్గడానికి వారం వారం వేసుకునే ఇంజెక్షన్ల గురించి అడిగారు. అవి పనిచేస్తాయి, కానీ డాక్టరు చూసి రాయాల్సిన మందులు. మానేసిన తర్వాత చాలామందికి బరువు తిరిగి వస్తోంది. అవి వాడినా పైన చెప్పిన తిండి, వ్యాయామం తప్పవు. ముందు ఆరు నెలలు ఇది చేయండి.

పండగలకు తినండి. సంక్రాంతికి అరిసెలు, పైడితల్లమ్మ పండక్కి పిండివంటలు, బంధువుల ఇంట పెళ్ళి భోజనం, ఏదీ వద్దనుకోకండి. మరునాడు కడుపు మాడ్చుకోవద్దు, మామూలు కంచానికి వచ్చేయండి. "ఇంకొంచెం వేసుకో తల్లీ" అని పెద్దవాళ్ళు బలవంతం చేస్తే కూర వేయించుకోండి, వాళ్ళూ సంతోషిస్తారు.

రెండు వంటలు అక్కర్లేదు. మీకు చెప్పిన కంచమే మీ అత్తగారికీ సరిపోతుంది: ఒక్కసారి వడ్డించిన అన్నం, రెట్టింపు కూర, పప్పు, మజ్జిగ, తక్కువ నూనె. పిల్లవాడిది ఎదిగే వయసు కాబట్టి వాడి అన్నం మాత్రం తగ్గించకండి, వాడికి వాడి ఆకలే కొలత. అత్తగారి దగ్గర ఒక్క జాగ్రత్త తప్పనిసరి. షుగరుకు గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించినప్పుడు షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. కాబట్టి ఆవిడ అన్నం మార్చే ముందే మందుల చీటీ పట్టుకుని డాక్టరును కలిసి మోతాదు సరిచేయించండి. కిడ్నీ పరీక్ష ఆవిడకూ అదే రోజు చేయించండి. మీ ఇద్దరి రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్, టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు అంకెలు రాయండి, పప్పు, గుడ్డు ఎవరికి ఎంత ఉండాలో అప్పుడు సరిగ్గా చెప్పగలను.